పేషెంటు పక్కన ఉన్న మనిషికి కూడా ఒక కుర్చీ వేయండి

విశాఖపట్నంలో క్యాన్సర్ వైద్యం చేస్తున్న ఆసుపత్రుల పెద్దలకు, డాక్టర్లకు, జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను గోపాలపట్నంలో జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని. మా అమ్మకి అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. పదకొండు నెలలు ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తిరిగి, పోయిన మాఘమాసంలో కన్నుమూసింది. వైద్యం చేయలేదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. చేశారు. ఆపరేషన్ చేశారు, కరెంటు (రేడియేషన్) పెట్టారు, మందులిచ్చారు. చాలావరకు ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీదే జరిగింది. నేను రాసేది ఆమె పక్కన కూర్చున్న మా గురించి. ఆ పదకొండు నెలల్లో 'నువ్వు కాసేపు కూర్చోమ్మా, నీకేం తెలియాలో అడుగు' అన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. మనసు లేక కాదు, మీ దగ్గర ఎవరికీ అంత తీరిక లేదు. ఆ తీరికను కనీసం ఒకరికి ఉద్యోగంగా ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

మాది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అమ్మకి పెళ్లికి ముందు నుంచే అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: చుట్ట ముట్టించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఇది ఏనాటి నుంచో ఉంది. గాలికి ఆరిపోదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని అంటారు. ఆ వేడంతా అంగిటికి తగులుతుంది. 1971లోనే మన వైపు పల్లెల్లో పదివేల మందికి పైగా నోళ్లు పరీక్షించి డాక్టర్లు దీని గురించి రాశారట. ఆ మాట నాకు అమ్మ ఆపరేషన్ అయ్యాక ఒక జూనియర్ డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి మా ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లలో సగం మంది ఇంకా అడ్డపొగ తాగుతూనే ఉన్నారు. మా అమ్మ అంగిట్లో తెల్లమచ్చ వచ్చినప్పుడు వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వచ్చిన రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. డాక్టరు గారు మమ్మల్ని లోపలికి పిలిచి, అమ్మను బయట కూర్చోబెట్టమన్నారు. నాతో, తమ్ముడితో మాట్లాడింది మూడు నాలుగు నిమిషాలు. ఆపరేషన్, ఆ తర్వాత కరెంటు, మళ్లీ ఎప్పుడు రావాలి. బయట ఇంకా అరవై మంది ఉన్నారు, ఆయన్ని నేను తప్పు పట్టను. తలుపు దాటాక వసారాలో నిలబడి తమ్ముడు అన్నాడు, 'అమ్మకి చెప్పొద్దక్కా, తట్టుకోలేదు'. నేను సరేనన్నాను. అంతే, ఆ నిమిషంలో మేమిద్దరం తీసుకున్న ఆ నిర్ణయం నాలుగు నెలలు మా ఇంటిని నడిపించింది.

పుండు అని చెప్పాం. చిన్న గడ్డ తీసేస్తారని చెప్పాం. ఫైలు మీద పేరు కనబడకుండా పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేశాను. చుట్టాలు చూడటానికి వస్తే వాకిట్లోనే ఆపి, ఏమీ అనొద్దని చేతులు పట్టుకుని బతిమాలేదాన్ని. కరెంటు గది బయట బోర్డు మీద ఏముందో అమ్మ చదవలేదని ధైర్యం. ఆమెకి చదువు రాదు కానీ చుట్టూ ఉన్న మనుషుల్ని చదవడం వచ్చు. ఒకరోజు రాత్రి తిండి పోయడానికి ముక్కులో పెట్టిన గొట్టం సర్దుతుంటే నా మణికట్టు పట్టుకుని, మాట ముద్దముద్దగా వస్తున్నా, 'ఏటే, నానేటి ఎర్రిదాన్నా? నా నోట్లో ఉన్నది నాకు తెల్దా? మీరు బెంగెట్టుకుంతారని ఊరుకున్నాను' అంది.

ఆ నాలుగు నెలలూ తను మాకోసం నటించింది, మేము తనకోసం నటించాం. ఒకే గదిలో పడుకుని, ఒకరి ఏడుపు ఒకరికి వినబడకుండా ముసుగు తన్ని పడుకున్నాం. ఎవరికి ఏం ఇవ్వాలనుందో, చెవి దుద్దులు ఎవరికో, పొలం గట్టు తగాదా ఎలా తెంచాలో అమ్మ చెప్పాలనుకున్నవన్నీ ఆ నాలుగు నెలల్లో చెప్పుకోవచ్చు. తర్వాత చెప్పే ఓపిక తగ్గిపోయింది. చెప్పాలా వద్దా అన్నది ప్రతి ఇంటి ఇష్టం అని నాకు తెలుసు. కానీ ఆ మాట ఎలా మొదలుపెట్టాలి, ఆమె ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటోందో ముందు ఎలా అడగాలి, అది మాకు నేర్పడానికి ఒక మనిషి ఉండుంటే మేము వసారాలో నిలబడి ఒక్క నిమిషంలో తేల్చేసేవాళ్లం కాదు. ఇప్పుడు నన్నడిగితే చెప్పాలనే అంటాను. మెల్లగా, ఆమె అడిగినంత మేరకు.

ఆసుపత్రిలో మాకు నిజంగా నేర్పింది సాటి అటెండెంట్లు. బొబ్బిలి వైపు నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకావిడ, నేను రాగిజావ గొట్టంలో పోసి అది అడ్డుపడి కంగారు పడుతుంటే చూసి దగ్గరికొచ్చింది. జల్లెడ చాలదమ్మా, పాత వాయిల్ చీర ముక్కలో వడగట్టు అంది. తలవైపు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి పోయాలని, పోశాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదని, చివర్లో మంచినీళ్లు పోసి గొట్టం కడగాలని, మధ్యలో దగ్గొచ్చినా ఆయాసపడినా వెంటనే ఆపేయాలని తనే చెప్పింది. సిస్టర్ గారు కూడా చెప్పారు, డిశ్చార్జి అయ్యే రోజు మందుల చీటీ, బిల్లు కాగితాలు, రిపోర్టులు, మళ్లీ వచ్చే తేదీ అన్నీ కలిపి ఒకేసారి. ఆ హడావుడిలో నా చెవికెక్కలేదు. ఒక మనిషి కడుపులోకి గొట్టంతో తిండి పోయడం అంటే మాటా? దగ్గర నిలబడి మా చేత రెండుసార్లు చేయించి చూసి పంపాలి.

పాడేరు వైపు నుంచి, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచి, కూతుర్ని తీసుకొచ్చిన ఒక తండ్రిని చూశాను. ఆయన మాట్లాడేది కువి అనే గిరిజన భాష. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు. ఏమన్నా 'సరే బాబు' అనేవాడు. అర్థమైందని కాదు, మళ్లీ అడిగితే కసురుతారని. పరీక్షకి ఎక్కడ రక్తం ఇవ్వాలో, ఎక్కడ స్టాంపు వేయించాలో తెలియక రోజంతా ఒకే బెంచీ మీద కూర్చునేవాడు. మూడోరోజు ఎవరో కుర్రాడు ఆయన భాష తెలిసినవాడు దొరికితే, ఆయన మొదట అడిగిన ప్రశ్న ఇదట: 'ఈ జబ్బు ఇంట్లో పిల్లలకి అంటుకుంటుందా?' మూడు రోజులుగా ఆ భయాన్ని గుండెల్లో పెట్టుకుని, కన్నకూతురి గ్లాసు వేరే పెట్టాడు. అంటుకోదు అన్న ఒక్క మాట చెప్పేవాళ్లు లేక. మా వీధిలోనూ అమ్మకి కాఫీ ఇచ్చిన గ్లాసు మళ్లీ లోపలికి తీసుకెళ్లని ఇళ్లున్నాయి. చదువుకున్నవాళ్లవే.

ఇప్పుడు నొప్పి మాత్ర సంగతి. ఇది రాయడానికే నాకు కష్టంగా ఉంది.

కరెంటు అయిపోయిన కొన్ని నెలలకి జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఇక తగ్గించే వైద్యం లేదు, నొప్పి లేకుండా చూద్దాం అన్నారు. మార్ఫిన్ మాత్రలు రాశారు, నాలుగు గంటలకొకటి. ఆ పేరు వినగానే తమ్ముడు ఫోనులో వెతికి, అది నల్లమందు నుంచి వచ్చేదని, అలవాటైపోతుందని, ఊపిరి ఆగిపోతుందని చదివి భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. డాక్టరు గారిని అడుగుదామంటే ఓపీ రోజు ఇంకా పది రోజులుంది. అందుకని ఇద్దరం ఆలోచించి, అమ్మ మరీ ఏడ్చినప్పుడు మాత్రమే, అదీ సగం ముక్క చేసి ఇచ్చాం. పన్నెండు రోజులు. మా అమ్మ గోడవైపు తిరిగి చీర కొంగు పళ్ల మధ్య పెట్టుకుని పడుకునేది. మాత్రలు అలమరలోనే ఉన్నాయి.

పదమూడో రోజు మందు ఇచ్చే కిటికీ దగ్గర ఒక సిస్టరమ్మ, మాత్రలు ఎందుకు మిగిలాయని అడిగింది. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. పక్కకి పిలిచి పది నిమిషాలు మాట్లాడింది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు కొలత ప్రకారం ఇచ్చేది వ్యసనం కాదని, నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి ఇవ్వాలని, మలబద్ధకం తప్పకుండా చేస్తుంది కాబట్టి దానికి రాసిన మందు మానకూడదని, మరీ మగతగా ఉండి లేపినా లేవకపోతే వెంటనే ఫోన్ చేయాలని చెప్పింది. ఆ రాత్రి అమ్మ ఆరు గంటలు నిద్రపోయింది. లేచి, ఇంట్లో ఎవరో పప్పు తాలింపు పెడుతున్నారు, వాసనొస్తోంది అంది. వాసన గురించి ఆమె మాట్లాడి రెండు నెలలైంది.

ఆ సిస్టరమ్మకి నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ పది నిమిషాలు ఆవిడ వేరే పని మానుకుని ఇచ్చినవి. ఆవిడ ఆ రోజు సెలవులో ఉండుంటే?

మార్ఫిన్ అన్ని మందుల షాపుల్లోనూ దొరకదు. ఒకసారి మాత్రలు అయిపోయి తమ్ముడు గోపాలపట్నం నుంచి జగదాంబ దాకా షాపులన్నీ తిరిగాడు. మత్తు పదార్థాల చట్టం 1985లో వచ్చినప్పటి నుంచి ఉన్న ఇబ్బంది ఇది. అవసరమైన రోగులకు అందాలనే 2014లో ఆ చట్టాన్ని సవరించారు, గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీన్ని తేలిగ్గా నిల్వ పెట్టుకోవచ్చు. కలెక్టర్ గారూ, మన జిల్లాలో ఈ మాత్రలు ఏ ఏ చోట్ల, ఏ వేళల్లో దొరుకుతాయో ఒక బోర్డు రాయించి ప్రతి క్యాన్సర్ వార్డు ముందు పెట్టించండి. రాత్రి పదింటికి మాత్ర అయిపోయిన ఇంట్లో ఆ బోర్డు ఫోటో ఒకటి ఉంటే చాలు.

డబ్బు గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. కార్డు ఆపరేషన్ ఖర్చు చూస్తుంది. పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి చూడదు. ఆ సంక్రాంతికి నా దగ్గరికొచ్చిన జాకెట్ గుడ్డలు నలభైకి పైగా వెనక్కిచ్చేశాను. అంతకంటే బాధ, మాకు రావాల్సినవి కూడా తెలియక పోగొట్టుకోవడం. చికిత్స కోసం రైల్లో వెళ్లే క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ ఉచితం. తోడు వెళ్లే మనిషికి అందులో 75 శాతం తగ్గింపు ఉంది. ఆసుపత్రి వాళ్లు రైల్వే నమూనాలో సర్టిఫికెట్ ఇవ్వాలి. పలాస నుంచి, పార్వతీపురం నుంచి ప్రతి మూడు వారాలకీ కీమోకి వచ్చే కుటుంబాలు నా పక్క బెంచీల్లోనే ఉండేవి. జేబులోంచి డబ్బు పెట్టుకునే వచ్చేవి. నాకు ఇది అమ్మ పోయాక తెలిసింది. కార్డు పనులు చూసే వైద్యమిత్ర కౌంటర్ దగ్గర అడగొచ్చు కదా అంటారేమో. అక్కడ కార్డు ఆమోదం కోసమే లైను మెట్ల దాకా ఉంటుంది. అసలు అడగాల్సింది ఒకటుందని తెలిస్తేనే కదా అడిగేది.

ఒకప్పుడు ఈ జబ్బంటే మన వైపు జనం హైదరాబాద్, వెల్లూరు, ముంబై పోయేవాళ్లు. ఇప్పుడు, 1923 నుంచి పేదవాళ్లకి దిక్కుగా ఉన్న కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఇక్కడే ఉంది. టాటా మెమోరియల్ కింద నడిచే హోమీ భాభా ఆసుపత్రి అగనంపూడికే వచ్చింది. ప్రైవేటువీ ఉన్నాయి. మిషన్లు వచ్చాయి, పెద్ద డాక్టర్లు వచ్చారు. శ్రీకాకుళం చివర్నుంచి, ఒడిశా నుంచి కూడా మనుషులు ఇక్కడికే వస్తున్నారు. ఇంత పెద్ద ఏర్పాటులో ఒక గది కష్టం కాదని నా నమ్మకం.

నేను అడుగుతున్నది ఇదీ. క్యాన్సర్ వైద్యం చేసే ప్రతి ఆసుపత్రిలో వారానికి ఒక మధ్యాహ్నం ఒక గది మాకివ్వండి. పేషెంట్ల కోసం కాదు, వాళ్లను తీసుకొచ్చిన వాళ్ల కోసం. అందులో ఒక మనిషి ఉండాలి, దానికే జీతం తీసుకునే మనిషి. సోషల్ వర్కరో, అనుభవం ఉన్న సిస్టరో, ఎవరైనా సరే, వేరే డ్యూటీకి లాగేయకుండా. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్లకు వాళ్ల భాషలో చెప్పేవాళ్లుండాలి. గొట్టం ఎలా వాడాలో బొమ్మ మీద చేయించి చూపించాలి. కీమో తర్వాత జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదని, మాత్ర వేసి చూద్దాం అనుకోకూడదని గట్టిగా చెప్పాలి. ఇంట్లో పదేళ్ల పిల్లకి అమ్మమ్మ జుట్టు ఎందుకు ఊడిందో ఏమని చెప్పాలో నేర్పాలి. మాలాంటి వాళ్లు ఒకరినొకరు చూసుకుని మాట్లాడుకునే చోటు కావాలి. ఏడవాలంటే ఏడ్చే చోటు కూడా. నేను పదకొండు నెలలు ఆసుపత్రి బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఇంకొకటి, రాత్రి ఎత్తే ఫోన్ నంబరు. మనసు బాగోకపోతే 14416కి చేయొచ్చు, టెలిమానస్ అని 2022 నుంచి ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ మాటైనా డిశ్చార్జి కాగితం కింద అచ్చు వేయండి. కానీ గొట్టం ఊడిపోయింది, రక్తం వస్తోంది, ఏం చేయాలి అని అడగడానికి పేషెంటు కథ తెలిసిన నంబరు కావాలి. ఎత్తినవాళ్లు 'తీసుకొచ్చేయండి' అన్నా చాలు, 'ఫర్వాలేదు, పొద్దున్న రండి' అన్నా చాలు. ఆ రెండింటి మధ్య తేల్చుకోలేకే టెన్షన్‌తో ఎన్నో రాత్రులు తెల్లవారాయి మాకు.

కేరళలో 2008లోనే ఇలాంటి రోగులకి నొప్పి, బాధ తగ్గించే ఉపశమన వైద్యం కోసం ప్రభుత్వ విధానం తెచ్చారు. పంచాయతీల తరఫున నర్సులు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకే వెళ్తారు. ఊళ్లోవాళ్లు వాలంటీర్లుగా నేర్చుకుని తోడుంటారు. వాళ్లకంటే మన మనుషుల్లో మనసు తక్కువేం లేదు. బొబ్బిలి ఆవిడ తన భర్త ఆపరేషన్ గదిలో ఉండగా నా దగ్గర కూర్చుని జావ వడగట్టింది. ఆ మనసు ఉన్నవాళ్లని కూడగట్టే ఏర్పాటే లేదు. కలెక్టర్ గారూ, మన వార్డు సచివాలయాల్లో ఏఎన్ఎమ్‌లున్నారు, ఆశా కార్యకర్తలున్నారు. వాళ్లలో కొందరికి గొట్టం, పుండు డ్రెస్సింగు, నొప్పి మాత్రల సంగతి నేర్పిస్తే మా వీధికి రావడానికి ఒక మనిషి ఉంటుంది.

పేషెంటు పోయాక కూడా ఇంట్లోవాళ్లని ఒకసారి పలకరించండి. అమ్మ పోయిన నెలకి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఓపీకి ఎందుకు రాలేదని అడిగారు. పోయిందని చెప్పాను. 'ఓ, సరేనండి' అని పెట్టేశారు. అడిగిన అమ్మాయికి ఏమనాలో తెలియలేదు, పాపం. ఆ అమ్మాయికి కూడా ఎవరో నేర్పాలి. అప్పటికి మా ఇంట్లో గాలి పరుపు ఉంది, విప్పని గొట్టాలు మూడున్నాయి, పాల పొడి డబ్బాలున్నాయి. ఎవరికివ్వాలో తెలియలేదు. ఆ గదిలో ఒక అలమర ఉంటే అక్కడ పెడతాం, కావాల్సినవాళ్లు తీసుకెళ్తారు.

ఈ మధ్య నేను పాత వాయిల్ చీరలు, ఉతికినవి, నాలుగు పక్కలా అంచు మడిచి చిన్న చిన్న వడపోత గుడ్డలుగా కుడుతున్నాను. జుట్టు ఊడినవాళ్లకి మెత్తటి కాటన్ టోపీలు కూడా, లోపలివైపు కుట్టు గుచ్చుకోకుండా. ఇప్పటికి రెండు సంచులయ్యాయి. వార్డులోకి తెచ్చి ఇద్దామంటే గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఎవరి తాలూకని అడిగాడు. ఎవరి తాలూకనీ చెప్పలేక వెనక్కొచ్చాను.

ఆ గది ఏ ఆసుపత్రిలో ముందు తెరిచినా నాకు కబురు అందుతుంది, మా అటెండెంట్ల మధ్య మాట తొందరగానే పాకుతుంది. బుధవారం మధ్యాహ్నాలు మిషను ఆపుకుని రాగలను. గొట్టంలో జావ పోయడం కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని చూపించగలను. సంచులు తీసుకునే వస్తాను.

ఇట్లు,
ఒక కూతురు
గోపాలపట్నం, విశాఖపట్నం